పటంలో లేని తీగ

రొవీనా టనార్డ్ పొడవు ఆరడుగుల రెండంగుళాలు.
ఈ కారు కట్టినవాళ్లు ఆమెను ఊహించలేదు.
స్టీరింగుకి మోకాలు కొట్టుకుని
క్లచ్ తొక్కిన ప్రతిసారీ ఒక కమిలిన మచ్చ.
"నన్ను కోయడం కుదరదు, దాన్ని కొయ్యి" అంది.

హోల్‌బీచ్ దాటాక, బీట్‌దుంపల పొలాల నడుమ
నా రేకుల షెడ్డు.
సముద్రం దగ్గర గుంజుకున్న నేల ఇది.
గాలికి అడ్డం నిలబడేది ఏదీ లేదు,
నేనూ, దిమ్మల మీద ఆ యాభై తొమ్మిది నాటి
రెండు సీట్ల బండీ తప్ప.

చాసీ కోసే ముందు
తలుపుల సందుల్లో అడ్డంగా ఇనప కమ్మి అతకాలి.
మరిచావా, నడుం జారిపోతుంది,
ఇక ఈ జన్మకి ఆ తలుపు మూతపడదు.
ఈ మాట నాకు నేర్పిన ఐవర్ స్లేటర్
నేర్చుకోడానికి ఒక కారు పాడుచేశాడు, సొంతదే.

గ్రైండర్ పెట్టాను.
పెట్టె కమ్మీ కడుపులోంచి అరవయ్యేళ్ల తుప్పు
కాఫీ పొడిలా దోసెడు రాలింది.
ఇంకా లోపల కందిరీగల గూడు, ఖాళీది.
నేలను మూడంగుళాలు దించాను.
రొవీనా వచ్చి, సీటు బిగించకముందే,
ఆపిల్ పళ్ల పెట్టె మీద కూర్చుని కాళ్లు చాపింది.
ఏమీ అనలేదు.
లేవడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

వైరింగ్ వేరే సంగతి.
ఇనుము పగిలితే పగిలానంటుంది.
తీగకి పైన గుడ్డ తొడుగు బాగానే ఉంటుంది,
లోపల రాగి చిలుం పట్టి పొడైపోయాక కూడా.

ఆ రోజుల్లో ప్లస్సుని బండి ఒంటికి కట్టేవారు.
ఇప్పటి ఆల్టర్నేటర్ మైనస్సే కావాలంటుంది.
బ్యాటరీ తిప్పాను, కాయిల్ తిప్పాను,
అమ్మీటరు వెనక రెండు తీగలూ తారుమారు చేశాను,
లేకపోతే అది నిండుతున్నప్పుడు
ఖాళీ అయిపోతున్నానంటుంది.
(అలాంటి మనిషితో పదకొండేళ్లు కాపురం చేశాను.
మార్చాల్సిన తీగలు ఎక్కడున్నాయో దొరకలేదు.)

పటాన్ని గోడకి కొట్టి
ఒక్కో తీగా లాగి, రంగు పెన్సిలుతో దిద్దుకుంటూ పోతే
తొమ్మిదో రోజు ఒకటి మిగిలింది.
వక్కరంగుది, మెలి తిప్పిన గుడ్డ తీగ,
ఇళ్లలో బల్లదీపానికి వాడే రకం.
తీగ లాగితే డొంక కదులుతుందంటారు.
కదిలింది డ్రైవరు సీటు.
దాని కింద, చెయ్యి జారవిడిస్తే అందేచోట
గోరంత బేకలైటు స్విచ్చి.
బ్రేకు దీపాల దారి తెంపడానికి.

అంటే ఎవరో
తాము ఆగడం వెనకవాళ్లకి తెలియకూడదనుకున్నారు.

లాగ్‌బుక్కులో ఏడు పేర్లు.
ఒక పశువైద్యుడు,
పియానోలు శ్రుతిచేసే ఒకాయన,
గ్రిమ్స్‌బీలో చేపల వేలంపాట పాడేవాడి విధవ,
మిగతావాళ్లు సంతకాలు మాత్రమే.
ఎవరు, ఏ రాత్రి, ఎవరి గేటు ముందు?
టంకం చూశాను. నున్నగా, ఓపిగ్గా పెట్టిన చుక్క.
భయంతో ఉన్న చెయ్యి కాదది.
లేదా భయానికి బాగా అలవాటుపడ్డ చెయ్యి.

చట్టం ప్రకారం పీకెయ్యాలి. రొవీనాకి చూపించాను.
స్విచ్చి వేసింది, తీసింది.
టిక్కు. టిక్కు.
"నీ ఇష్టం" అంది, గోడమీది పటం వైపు చూస్తూ.
కొత్త తీగ వేశాను.
పటంలో గీయలేదు.

నవంబరు. నాలుగున్నరకే చీకటి.
మోకాలు ఎక్కడా తగలకుండా ఎక్కి, వెళ్లిపోయింది.
తూము దగ్గర కాలవగట్టు రోడ్డు
ఒక్కసారిగా మూలకి తిరుగుతుంది,
ఎంతటివాళ్లైనా అక్కడ బ్రేకు తొక్కాల్సిందే.
చేతులు తుడుచుకుంటూ షెడ్డు వాకిట్లో నిలబడ్డాను.
ఇంజను గొంతు తగ్గడం వినిపించింది.
మూడో గేరు. రెండో గేరు.
దూరాన రెండు దీపాలు మలుపు తిరిగాయి,
ఎరుపు చిక్కబడలేదు.

నా టంకం మీద నాకు అనుమానం లేదు.